కూయని పిట్టల దీవి

2 ఫిబ్రవరి 1997, ఆదివారం. భిలాయ్, సెక్టర్ 4

ప్రతి జనవరికీ ప్లాంట్‌లో ఓ డైరీ ఇస్తారు. ఇన్నేళ్ళూ వాటిలో రమణమ్మ ముగ్గులు దింపుకుంది. ఈసారి నేనే దాచుకున్నాను. సముద్రం దాటి వెళ్తున్న మొగుడూ పెళ్ళాలం, ఏదో ఒకటి రాసుకోవాలి కదా.

సెలవు ప్రయాణానికి ఎల్‌టీసీ మంజూరైంది. అందరూ కాశీ అంటారు, తిరుపతి అంటారు. నేను అండమాన్ అన్నాను. రమణమ్మ పిన్ని కూతురు జోగమ్మ మొగుడితో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటోంది. విశాఖ నుంచి ఓడ. దీవుల్లో పిట్టలు చూడొచ్చు. పిట్టల శాస్త్రం నాకేం తెలీదు. కానీ క్రేన్ కేబిన్‌లో పొద్దంతా కూర్చునేవాడికి మిల్లు దూలాల మీది పావురాలే ఇరుగుపొరుగు, వాటిని చూసీ చూసీ అలవాటైంది. పైగా నా దగ్గర దుర్భిణి ఉంది. ఎప్పుడో ఒక రష్యా ఇంజనీరు తన దేశం వెళ్ళిపోతూ నాకు అమ్మేసి పోయాడు. ఇనుప ముద్దలా బరువు. దాంట్లోంచి చూస్తే పిట్ట కంట్లో నలుసు పడినా తెలుస్తుంది.

భిలాయ్‌లో పిట్టలు తగ్గిపోయాయి. ఎండలు ముదరక ముందే మా క్వార్టర్ ఎదురుగా వేపచెట్టు మీద కంసాలి పిట్ట చేరి టుంకు టుంకుమని సుత్తి మొదలెట్టేది. అది వచ్చిన సంగతి ఏటేటా ఈ వీధిలో అందరికన్నా ముందు పట్టుకునేవాణ్ణి నేనే. మూడేళ్ళ నుంచి రావడం లేదు. ఏ దుమ్ముకి జడిసి పోయాయో.

ఇంకో సంగతి. నిన్న షిఫ్టు దిగుతుంటే కాగితం చేతిలో పెట్టారు. క్రేన్ నడిపేవాళ్ళందరికీ ఈ ఏడు చెవుల పరీక్షట. నా వంతు మార్చి మూడు. చెవి పనికిరాదంటే క్రేన్ మీంచి దింపేసి కింద ఏదో పని ఇస్తారు. దింపనీ చూద్దాం. నా చెవులకేం రోగం? మిల్లు దుమ్ము చేరి కాస్త గులిమి కట్టాయంతే. నూనె వేస్తే పోతుంది.

మా షిఫ్టు సురేంద్రనాథ్ పోయిన వారమే గట్టెక్కాడు. వాడి చెవి పక్కన టపాకాయ పేల్చినా తిరిగి చూడడు, అలాంటివాడు గట్టెక్కాడంటే ఏదో కిటుకు ఉండాలి కదా. అడిగితే చెప్పాడు. "అద్దాల గదిలో కూచోబెడతారు అన్నయ్యా. సెవులకి డిబ్బీలు తగిలిస్తారు. మోత ఇనబడితే బటన్ నొక్కాల. అద్దానికవతల మోత పెట్టే కుర్రోడుంటాడు, ఆడి భుజం సూడు. మోత పెట్టినప్పుడల్లా కదుల్తాది. కదిలిందా, నొక్కీ. అయిపోనాది."

చేతులూ భుజాలూ చూసి పని చెయ్యడం నాకొకడు నేర్పాలా. మా మిల్లులో మాటకి చోటు లేదు. ఆ మోతలో ఎవడి అరుపూ ఎవడికీ అందదు. కింద గొలుసులు తగిలించే ఖలాసీ చినబాబు వేలు తిప్పితే నేను రైలు పట్టాల కట్ట ఎత్తుతాను, అరచెయ్యి చూపిస్తే ఆపుతాను. నేను చూడనప్పుడు వాడు ఈల ఊదాలి. అదీ పద్ధతి. ఈ మధ్య వాడికి బద్ధకం పెరిగింది. ఈల ఊదడం మానేసి క్రేన్ ముందు గుడ్డు పెట్టే కోడిలా అటూ ఇటూ పరిగెడుతున్నాడు. ఊదరా అంటే నవ్వుతాడు. వాడి విజిలు అరిగిపోయిందేమోనని సివిక్ సెంటర్‌లో ఇత్తడిది కొత్తది కొనిచ్చాను.

6 ఫిబ్రవరి

రమణమ్మ ఆవకాయ జాడీకి గుడ్డ కట్టింది. తర్వాత నా చెవుల్లో నూనె వేసింది. నేను అడగలేదు.

9 ఫిబ్రవరి. ఓడ మీద

భిలాయ్ నుంచి రాయ్‌పూర్, రాయ్‌పూర్ నుంచి విశాఖ, రైల్లో నడుములు పడిపోయాయి. విశాఖలో సముద్రం కనబడగానే రమణమ్మకి వయసు తగ్గింది. భీమిలి దగ్గర పుట్టిన మనిషి కదా. నన్ను చేసుకుని, సముద్రం అంటే ఏమిటో తెలియని ఊళ్ళో కాపరం చేసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి దెప్పలేదు. గొప్ప మనిషి. ఇది డైరీలో రాయొచ్చు గానీ ఎదురుగా అంటే నెత్తికెక్కుతుంది.

ఓడ కదిలే ముందు కూత వేసింది. గుండెల్లో తగిలింది. "సూసినావా, ఎంత బాగా ఇనబడిందో" అన్నాను. రమణమ్మ నా మొహంలోకి చూసి తలూపింది.

10 ఫిబ్రవరి

నీళ్ళు. రమణమ్మ కడుపులో తిప్పి వాంతులు చేసుకుంటూ కూడా "ఎంత బాగున్నాదో" అంటోంది.

12 ఫిబ్రవరి. పోర్ట్‌బ్లెయిర్

జోగమ్మ మొగుడు ఆదిశేషు జెట్టీకి వచ్చాడు. ఇతనిది కళింగపట్నం వేపు. సొంత మరపడవ ఉంది, చేపల వ్యాపారం. చాలా మర్యాదస్తుడు. ఒకటే లోపం, నోట్లో చుట్ట పెట్టుకుని, సముద్రం వేపు తిరిగి మాట్లాడతాడు. అలా మాట్లాడితే ఎవడికి తెలుస్తుంది? నేను అన్నిటికీ "అవును తమ్ముడూ" అన్నాను. దాంతో రేపు తెల్లారే కోడి కూయకముందు పిట్టల్ని చూడ్డానికి వెళ్ళడం ఖాయమైందని తర్వాత రమణమ్మ చెప్పింది.

13 ఫిబ్రవరి

ఇవాళ చూసినవి రాయకపోతే నిద్ర పట్టదు.

ముందు సముద్రపు గద్ద. పొట్టంతా తెలుపు, రెక్కలు బూడిద రంగు. రెక్క కొట్టదు, తొందరపడదు, గాలి మీద ఊరికే పడుకుని వచ్చింది. కింద నీళ్ళలో ఏదో మెరిసింది. వచ్చిన దారి మార్చకుండా మెల్లిగా దిగి, కాళ్ళు చాచి, చేపని ఎత్తుకుని, ఒక్క చుక్క చిందకుండా పైకి లేచిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా పట్టాలు ఎత్తి దించుతున్నాను, నాకు పనితనం తెలుసు. ఎత్తేటప్పుడు సరుకు ఊగకూడదు. ఆ చేప ఊగలేదు. నేను లేచి నిలబడి దణ్ణం పెట్టాను. ఆదిశేషు నవ్వాడు, నవ్వనీ.

తర్వాత లకుముకి పిట్ట. మన దుర్గ్ చెరువుల దగ్గర ఉండేలాంటిది కాదు, మెడ చుట్టూ తెల్లటి కండువా వేసుకున్న జాతి. మడ చెట్టు వేరు మీద పెళ్ళివారిలా కూచుంది. ఆ నీలం ఏ చీరల కొట్లోనూ చూడలేదు. కొమ్మల్లో ఏట్రింత పిట్ట ఒకటి, తోక చివర రెండు పొడుగాటి పుల్లలు, పుల్లల చివర చెరో ఈక. ఎగిరితే ఆ రెండు ఈకలూ యజమాని వెనక బంట్రోతుల్లా వస్తాయి.

ఈ దీవి పిట్టల్లో నాకు నచ్చిన గుణం ఇంకోటి ఉంది. గోల చెయ్యవు. మన గోరింకల్లాగా, కాకుల్లాగా కావు. అంత అందం ఉండి కూడా నోరు మెదపకుండా తమ పని తాము చూసుకుంటాయి. మర్యాద తెలిసిన జాతి. ఆ మాటే రమణమ్మతో అన్నాను.

"ఏటి గోల సెయ్యవు? సెవులు గింగురుమంటన్నాయి" అంది. "ఆ తోకపిట్ట ఇందాకట్నుంచీ ఒక్కలాగ కుయ్యడం నేదు. ఓసారి పిల్లిలాగ, ఓసారి సైకిలు గంటలాగ."

పిట్ట సైకిలు గంట కొడుతుందట. ఆవిడకి చిన్నప్పట్నుంచీ కథలల్లడం సరదా.

14 ఫిబ్రవరి

పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని కూచున్నాం. రమణమ్మ కళ్ళు మూసుకుని చెబుతోంది. అదిగో సన్నగా, గాజులు రాసుకున్నట్టు. అదిగో ఇంకోటి, నీళ్ళ బిందె నిండేటప్పుడు చివర్లో వచ్చే చప్పుడు. అలా చెబుతూనే ఉంది. నేను దుర్భిణి తిప్పీ తిప్పీ విసిగిపోయాను. ఎక్కడా ఒక్క పిట్ట నోరు తెరిచి లేదు.

"లేనిపోనివి కల్పించకు. ఈయనికి తెలీదు కదాని ఆడించకు" అని గట్టిగానే అన్నాను. జోగమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

రమణమ్మ ఏదో అనబోయి మానేసి లోపలికి పోయింది. పాత రమణమ్మ అయితే ఊరుకునేదా? "సెవిటోడి ముందు శంఖం ఊదినట్టున్నాది" అని దులిపేసేది. ఆ సామెత ఆవిడ నోట ఎప్పుడూ ఆడుతుండేది. తల్చుకుంటే ఇప్పుడు గుర్తొస్తోంది, ఈ మధ్య ఆ మాట అనడం మానేసింది. ఎందుకు మానేసిందో.

15 ఫిబ్రవరి

మాటల్లేవు. చెరువు మీద అలిగినవాడిలా దీవి మీద అలిగి కూచున్నాను.

16 ఫిబ్రవరి, ఆదివారం

ఇవాళ్టిది ఉన్నదున్నట్టు రాస్తాను.

చిడియా టాపు అనే చోటుకి వెళ్ళాం. హిందీలో ఆ పేరుకి అర్థమే పిట్టల దీవి. ఆదిశేషు జీపులో దింపి, సాయంత్రం వస్తానని వెళ్ళాడు. రోడ్డు అడవిలోంచి వంపులు తిరుగుతూ సముద్రానికి దిగుతుంది. రమణమ్మ పులిహోర డబ్బా పట్టుకుని చాలా ముందు నడుస్తోంది. అలక ఇంకా తీరలేదు. నేను వెనక.

ఒక ఎండుచెట్టు మీద వడ్రంగి పిట్ట కనబడింది. ఒళ్ళంతా కాటుక నలుపు, నెత్తిన మాత్రం ఎర్రటి కుచ్చు. తల వెనక్కి తీసి కొడుతోంది, మళ్ళీ తీసి కొడుతోంది. చెక్కపొట్టు రాలుతోంది. ప్రతి దెబ్బా ముందు కొట్టినచోటే పడుతోంది. ఇలాంటి పనిమంతుణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో అనుకుంటూ రోడ్డు నడిమధ్య నిలబడిపోయాను. దుర్భిణి కళ్ళకే ఉంది.

పిట్ట ఎగిరింది. దాని వెంట దుర్భిణి దించాను. దాంట్లోకి రమణమ్మ వచ్చింది.

నా వేపు తిరిగి ఉంది. పులిహోర డబ్బా కింద పడిపోయి ఉంది. నోరు తెరిచి ఉంది. కుడిచెయ్యి బారుగా చాచి, అరచెయ్యి నిటారుగా పెట్టి, సముద్రం వేపుకి తోస్తోంది. తోస్తోంది, తోస్తోంది. అది మా మిల్లు సంజ్ఞ. సరుకుని ఆ పక్కకి జరుపు, తొందరగా జరుపు, అని.

నేను ఆలోచించలేదు. ఆ సంజ్ఞ చూస్తే నా చేతులు వాటంతటవే లివరు తిప్పుతాయి. ఇక్కడ లివరు లేదు కాబట్టి కాళ్ళు తిరిగాయి. రోడ్డు పక్క గడ్డిలోకి దూకాను. నా వెనక నుంచి దుంగల లారీ దిగిపోయింది. డ్రైవరు వాలులో ఇంజన్ ఆపేసి వదిలేశాడు కాబోలు. దాని గాలికి నా చొక్కా ఎగిరింది.

రమణమ్మ పరిగెత్తుకొచ్చి నా భుజాలు పట్టుకుంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చూడు ఏమిటో. "ఆ సంజ్ఞ నీకెలాగ తెలుసు?"

"సినబాబు నేర్పినాడు."

"ఎప్పుడు?"

"ఏడాదైనాది. మీరు షిఫ్టులో ఉన్నప్పుడు మన పెరట్లో నేర్పినాడు. ఎత్తు, దింపు, మెల్లిగా, ఆపు, అన్నీ వొచ్చు నాకు."

"నీకెందుకే అవి?"

రమణమ్మ నా చొక్కాకి అంటిన గడ్డి దులుపుతూ, నా మొహం ఎదుటికి వచ్చి నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "లారీ ఆరను కొడతానే ఉన్నాదండి. అడవంతా ఇనబడినాది."

17 ఫిబ్రవరి

హారను కొట్టిందట.

18 ఫిబ్రవరి

ఇవాళ అడిగాను. ఎప్పట్నుంచి తెలుసు అని.

జోగమ్మ వాళ్ళ డాబా మీద బట్టలు ఆరేస్తూ చెప్పింది. దండెం మీది చీర పక్కకి జరిపి, నాకు మొహం కనబడేట్టు నిలబడి చెప్పింది. ఇన్నాళ్ళూ ఇంట్లో కూడా అలాగే నిలబడేది. నేను అది ప్రేమ అనుకున్నాను. అదీ ప్రేమేలే.

"కుక్కరు విజిళ్ళు లెక్కెట్టమంటే మీరు మర్సిపోడం మొదలెట్టినారు. అప్పుడు అనుమానఁవొచ్చినాది. ఆ యేడు ఎండాకాలం కంసాలి పిట్ట వొచ్చినాదని మీరు సెప్పనేదు. అప్పుడు రూఢైపోనాది."

"అవి భిలాయ్ ఒదిలి పోయినాయి కదే. మూడేళ్ళైంది."

"అవెక్కడికీ పోనేదండి." తడిచీర పిండడం ఆపింది. "ఏటేటా వొస్తన్నాయి. అదే సెట్టు. పొద్దంతా కొడతాయి."

నేను కాసేపు సముద్రాన్ని చూశాను. అలల్లో కూడా నాకు అడుగు మోతే తెలుస్తోంది, పైన నురగ చప్పుడు తెలియడం లేదని అప్పుడు గమనించాను.

"మరి సెప్పలేదేం?"

"సెప్తే మీరు క్రేను దిగిపోవాల కదా. దిగితే మీరేటైపోతారో అని భయం. దిగకపోతే సినబాబు ఏటైపోతాడో అని భయం. రెండు భయాలూ ఒక పొయ్యి మీద పెట్టుకోని ఒండుకుంటన్నాను."

"ఇప్పుడేం సెయ్యమంటావు?"

"నానేటీ అనను. మీ పని. మీకే తెలస్తాది."

మొన్న లారీ వచ్చినప్పుడు రమణమ్మ నాకు ఎదురుగా ఉంది కాబట్టి సరిపోయింది. చినబాబు ఎప్పుడూ నాకు ఎదురుగానే ఉండడు. పట్టాల కట్టకి అవతల వంగి గొలుసు తగిలిస్తుంటాడు. అప్పుడు వాడి చెయ్యి నాకు కనబడదు. ఈల ఒక్కటే వాడికి దిక్కు.

అయినా ఇంక ఎన్నేళ్ళు, నాలుగేళ్ళలో రిటైరైపోతాను. జాగ్రత్తగా చూసుకుని నడిపితే సరి. కళ్ళు ఉన్నాయి కదా. నా కళ్ళకి భిలాయ్ మొత్తంలో సాటి లేదు. సురేంద్రనాథ్ గట్టెక్కలేదూ?

20 ఫిబ్రవరి

ఈ రోజు నా జీవితంలో మంచి రోజుల్లో ఒకటి.

ఆదిశేషు తన పడవలో ఒక చిన్న దీవికి తీసుకెళ్ళాడు. మనుషులు లేరు. తెల్లటి ఇసక, వెనక అడవి. అతను చుట్ట పారేసి, నా ఎదుటికి వచ్చి కూచుని మాట్లాడాడు. రమణమ్మ చెప్పి ఉంటుంది. అతని గొంతు ఇంత బాగుంటుందని నాకు ఇవాళే తెలిసింది.

రమణమ్మా నేనూ ఒక పద్ధతి కనిపెట్టాం. పిట్ట ఎక్కడ కూస్తోందో ఆవిడ చెవితో పడుతుంది. తర్వాత నోరు విప్పకుండా చేత్తో నడిపిస్తుంది. ఎత్తు, ఇంకాస్త ఎత్తు, సముద్రం వేపు, మెల్లిగా, ఆపు. నేను దుర్భిణి ఆపిన చోట పిట్ట ఉంటుంది. మాట లేదు, చప్పుడు లేదు, పిట్టకి బెదురు లేదు. ఆదిశేషు నోరు తెరుచుకుని చూశాడు. "పాతికేళ్ళు ఈ దీవుల్లో ఉన్నానన్నయ్యా, ఇన్ని పిట్టలున్నాయని నాకే తెలీదు" అన్నాడు.

కింద రాసేవి నేను విన్నవి కావు. రమణమ్మ విన్నవి. కొండగోరింకకి నల్లటి ఒంటి మీద పసుపు రాసినట్టు చెవుల వెనక తోలు వేలాడుతుంది. అది రాయ్‌పూర్ స్టేషన్లో అనౌన్సు చేసే అమ్మాయిలా మాట్లాడుతుంది. సముద్రపు గద్ద అంత దొర కదా, దాని గొంతు మాత్రం తుప్పు పట్టిన గిలకట. విని నవ్వాగలేదు. ఇసక మీద గుంపుగా వాలే తెల్ల పిట్టలు చేపల బజారులా గోల చేస్తాయట. ఏట్రింత నిజంగానే సైకిలు గంట కొడుతుంది. కల్పించకు అన్నందుకు ఇక్కడ క్షమాపణ రాస్తున్నాను. ఎదురుగా కూడా చెప్పాను.

మధ్యాహ్నం చెట్ల నీడలో పడుకున్నాం. అప్పుడు వినబడింది. నాకే వినబడింది, రమణమ్మ చెప్పకముందే. ఊఁ, ఊఁ, అని. ఖాళీ కుండలో మూతి పెట్టి అన్నట్టు. గబుక్కున లేచి ఆవిడకేసి చూశాను. ఆవిడ తలూపింది. పైకొమ్మ మీద పావురం, పెద్దది, మన పావురానికి రెండింతలు, వీపు ఆకుపచ్చ లోహంలా మెరుస్తోంది. లావుపాటి గొంతుతో నిదానంగా అంటోంది. ఎన్నేళ్ళ తర్వాతో ఒక పిట్ట నా చెవిలోకి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

24 ఫిబ్రవరి. ఓడ మీద

డెక్కు మీద కూచుని భుజాలు చూడ్డం సాధన చేశాను. టీలు ఇచ్చేవాడి భుజం, టికెట్లు చూసేవాడి భుజం. నాకు తిరుగులేదు. పరీక్ష నల్లేరు మీద బండి నడక.

రమణమ్మ నా పక్కనే ఉంది. ఎవర్ని చూస్తున్నారని అడగలేదు.

3 మార్చి, సోమవారం. భిలాయ్

ఆసుపత్రిలో గది చిన్నది. తలుపు వేస్తే ప్రపంచం బయట ఉండిపోయింది. పరీక్ష చేసే కుర్రాడు మంచివాడు. "ఆరామ్ సే బైఠియే, బాబూజీ" అని తాపీగా కూచోబెట్టి, చెవులకి డిబ్బీలు సర్ది, బటను చేతికిచ్చి, అద్దానికవతల కూచున్నాడు.

సురేంద్రనాథ్ అబద్ధం చెప్పలేదు. కుర్రాడి కుడిభుజం కదిలింది. నొక్కాను. కదిలింది. నొక్కాను. మళ్ళీ కదిలింది, మళ్ళీ నొక్కాను. అతను కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ బాగుందన్నట్టు తలాడించాడు. ఇంత తేలికా అనిపించింది. ఇలా కాసేపు నొక్కితే నాలుగేళ్ళు నావే. కేబిన్ నాది, మిల్లు కప్పు కింద పావురాలు నావి, నిచ్చెన ఎక్కుతుంటే కింద కుర్రాళ్ళు "సలామ్ దాదా" అనడం నాది.

ఇంతలో కుర్రాడి చేతిలోంచి పెన్ను కింద పడింది. తీసుకోడానికి బల్ల కిందకి వంగాడు. భుజం కనబడలేదు. తల కనబడలేదు. అద్దానికవతల ఖాళీ కుర్చీ. గొలుసు తగిలించడానికి వంగినప్పుడు చినబాబు ఉండే చోటు కూడా పైనుంచి నాకు ఇలాగే కనబడుతుంది. ఖాళీగా. ఆ ఖాళీలో వాడు ఉంటాడు.

అతను లేచి కూచోగానే నేను అరచెయ్యి ఎత్తి చూపించాను. ఆపు, అని. అతనికి మిల్లు సంజ్ఞలు తెలియకపోయినా ఆపాడు. "ఫిర్ సే షురూ కరో, బేటా" అన్నాను.

అతను మళ్ళీ మొదలుపెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఓడ కూతలాంటిది వచ్చింది. నొక్కాను. దీవి పావురంలాంటిది వచ్చింది. నొక్కాను. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. వస్తూనే ఉండి ఉంటాయి. నేను బటను మీద వేలు పెట్టుకుని కూచున్నాను.

4 మార్చి

రమణమ్మ చేపల పులుసు పెట్టింది. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

10 మార్చి

క్రేన్ దిగాను. స్లింగుల స్టోర్‌లో వేశారు. సరుకు ఎత్తే తాళ్ళూ గొలుసులూ చూసి, ఏది పనికొస్తుందో ఏది పారెయ్యాలో చెప్పాలి. కళ్ళతో చేసే పని. బాధ లేదని రాస్తే అబద్ధం. పొద్దున అలవాటు కొద్దీ నిచ్చెన దాకా నడిచి వెళ్ళి, చెయ్యి వేసి, వెనక్కి వచ్చాను. కొత్త కుర్రాడు పైన కూచుని ఉన్నాడు. పావురాలకి గింజలు వెయ్యమని చెప్పాను.

సాయంత్రం చినబాబు ఇంటికి వచ్చాడు. జేబులోంచి ఇత్తడి విజిలు తీసి బల్ల మీద పెట్టాడు. మెరుపు పోలేదు, ఒక్కసారి కూడా ఊదినట్టు లేదు.

"కొత్త కుర్రోడికి పాతదే ఇనబడతంది అన్నయ్యా."

"పాతది అరిగిపోలేదూ?"

వాడు నేల చూపులు చూశాడు. చూసి, గుర్తొచ్చినట్టు తలెత్తి నాకు మొహం చూపించాడు. "అరగనేదు. ఏడాది కిందటే నీకు ఇనబడ్డం నేదని తెలిసిపోనాది. అప్పట్నుంచీ ఊదడం మానీసినాను. నువ్వు సూసే కాడికి పరిగెత్తేవోణ్ణి."

కోడిలా పరిగెడుతున్నాడని నవ్వుకున్నాను నేను. ఏడాది పాటు ఆ మనిషి తన ప్రాణం తన కాళ్ళ మీద మోసుకుని నా కళ్ళ ముందుకి తెచ్చాడు, ప్లాంట్‌లో ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఎంత కోపం రావాలో వాడి మీద. రాలేదు. లేచి కౌగిలించుకున్నాను. రమణమ్మ ఇద్దరికీ ఉప్మా పెట్టింది.

16 మార్చి, ఆదివారం

పేపరు చదువుతున్నాను. రమణమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఉన్నట్టుండి చేట పక్కన పెట్టి లేచింది. నాకేసి తిరిగి దుర్భిణి తెచ్చుకోమని సైగ చేసింది.

తెచ్చుకున్నాను. ఎత్తు, అంది చెయ్యి. వేపచెట్టు మీదికి ఎత్తాను. ఇంకాస్త. రోడ్డు వేపు. మెల్లిగా, మెల్లిగా. ఆపు.

చిగురుల మధ్య ఎండుకొమ్మ చివర కూచుని ఉంది. పిడికెడు పిట్ట. ఆకుపచ్చ ఒళ్ళు, నొసట ఎర్ర బొట్టు, గొంతు పసుపు. ముక్కు మూసే ఉంది. గొంతు మాత్రం ఉబ్బుతోంది, తగ్గుతోంది, ఉబ్బుతోంది, తగ్గుతోంది. మూడేళ్ళుగా నా నెత్తి మీదే కూచుని సుత్తి కొడుతోంది పాపం. రాలేదు, పోయింది, దుమ్ము అని దాని మీద నేరాలు మోపాను.

రమణమ్మ వచ్చి పక్కన కూచుని నా మణికట్టు పట్టుకుంది. వేలితో తట్టడం మొదలుపెట్టింది. టుంకు. టుంకు. టుంకు. దుర్భిణిలో గొంతు ఉబ్బినప్పుడల్లా చేతి మీద దెబ్బ పడుతోంది. ఒక్కటి కూడా తప్పలేదు. చాలాసేపు అలాగే విన్నాను.

తర్వాత గేటు దాకా వెళ్ళాను. ఈ వీధికి ఆ కబురు చెప్పడం నా పని, మూడేళ్ళుగా చెయ్యలేదు.

"కంసాలి పిట్ట వచ్చింది" అన్నాను.

కాస్త గట్టిగానే అరిచినట్టున్నాను. ఎదురింటివాళ్ళు, ఆ పక్కింటివాళ్ళు కూడా బయటికి వచ్చి చూశారు.